మీకు తెలుసా? స్లోలో వణికే లారీ గాలి పీలుస్తూ ఉండొచ్చు!

కింద డీజిల్ కారితేనే పైపు లీకైందని అనుకుంటాం. పాత డీజిల్ లారీల్లో ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా వచ్చే పైపు సంగతి వేరు. అక్కడ డీజిల్‌ను వెనక నుంచి తోసేది ఏమీ లేదు, ముందు నుంచి ఫీడ్ పంపు లాక్కోవడమే. పైపు కాస్త పగిలినా, దాన్ని బిగించే బాంజో బోల్టు కింద రాగి వాషరు అరిగినా డీజిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. నేల పొడిగానే ఉంటుంది. ఇంజన్ మాత్రం స్లోలో గడగడా వణుకుతుంది. రాత్రంతా ఆపి ఉంచితే పైపులోని డీజిల్ ట్యాంకులోకి జారిపోయి, పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయిస్తుంది.

స్లోలోనే ఎందుకు తెలుస్తుంది? అప్పుడు సిలిండర్‌కు ఒక్కోసారి అందే డీజిల్ ఒక చుక్క కంటే తక్కువ. అందులో చిన్న బుడగ దూరినా, ఒక నాజిల్ కాస్త తక్కువ చిమ్మినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేజ్ చేస్తే డీజిల్ ఎక్కువ పోయి లోపం కప్పబడిపోతుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజన్లో ఒక్కో సిలిండర్ 300 సార్లు మండాలి. ఒక్కటి మొండికేసినా క్యాబిన్‌లో అద్దాలు ఊగుతాయి.

ఒడిశాలోని రామనగుడ నుంచి గుణుపురం, రాయగడ వైపు తిరిగే పాత బళ్లకు ఈ లోపం రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. కొండదారుల కుదుపులకు నట్లు వదులవుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. ఇంకో కారణం పెద్దగా ఎవరూ చెప్పుకోనిది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ వచ్చింది. గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. గాలికి ఇది ఎంతో మేలు. అయితే గంధకం తీసే శుద్ధిలో అరోమాటిక్ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. వాటిని పీల్చి ఉబ్బి సరిగ్గా కూర్చున్న పాత నైట్రైల్ రబ్బరు సీళ్లు అవి తగ్గగానే కుంచించుకుపోవచ్చు. 1993లో అమెరికాలో తక్కువ గంధకం డీజిల్ వచ్చినప్పుడు పాత పంపులు ఇలాగే కారాయి. కాబట్టి సీళ్లు మార్చేటప్పుడు విటాన్ రకం అడగండి.

పరీక్ష ఖరీదైనదేమీ కాదు. ఫీడ్ పంపుకు ముందు కాసేపు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం బిగించి చూడండి. బుడగలు కదిలితే దోషం పైపుదే. పైపు, వాషరు సరిచేయించి డీజిల్ ఫిల్టర్ కూడా మార్చండి. తర్వాత ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులుచేసి, హ్యాండ్ ప్రైమర్‌ను నురగ పోయి నిండుధార వచ్చేదాకా కొట్టండి. ఫిల్టర్ అడుగున నీళ్లు చేరితే డ్రెయిన్ చేయాలి. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే లోపలి తడిగాలి రాత్రి చల్లబడి నీరవుతుంది. అందుకే సాయంత్రమే నింపుకోవడం మంచిది.

గాలి దోషం కాదని తేలాకే నాజిళ్ల సంగతి చూడాలి. ఇంజన్ స్లోలో నడుస్తుండగా మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేస్తాడు. మంచి సిలిండర్ అయితే శబ్దం వెంటనే మారుతుంది. వదులు చేసినా ఇంజన్ శబ్దంలో తేడా రాకపోతే ఆ సిలిండరే పనిచేయడం లేదు. ఈ పని చేసేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, లీకు వెతకడానికి చేయి ఎప్పుడూ పెట్టకూడదు. పాత నాజిళ్లు కూడా దాదాపు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటాయి, ఆ ధార చర్మంలోకి దూరిందంటే వేలు తీసేయాల్సి రావచ్చు.

పొగ రంగూ గమనించండి. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే డీజిల్ సరిగా మండడం లేదు, నల్లపొగైతే గాలి చాలడం లేదు లేదా డీజిల్ ఎక్కువైంది, నీలిపొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

నాజిళ్లకు డీజిల్ పంపే పాత ఇంజెక్షన్ పంపుల్లో చాలావాటి మీద మైకో అని కనిపిస్తుంది. 1951లో మొదలై 2008లో బాష్ లిమిటెడ్‌గా మారిన సంస్థ అది. ఆ పంపును టెస్ట్ బెంచి లేని చోట విప్పించకండి. ఒక్కో నాజిల్ పైపుకు సమానంగా డీజిల్ వెళ్తోందో లేదో బెంచి మీదే తెలుస్తుంది.