సాయంత్రం అయిదున్నరకు వెళ్లి చూడండి

అమ్మకు మొదట లెక్క తప్పింది. పాలవాడికి ఒకే నెలకు రెండుసార్లు డబ్బులిచ్చింది. ఆ తర్వాత సంతకం కలవక చెక్కు వెనక్కి వచ్చింది. ఇరవై ఏళ్లు బ్యాంకు కౌంటర్లలో పనిచేసిన నాకు అప్పుడైనా తట్టాల్సింది. వయసు మీద పడింది కదా అనుకుని, కొత్త స్పెసిమెన్ సంతకం పెట్టించి నా దారిన నేను వచ్చేశాను.

నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక తెనాలిలో సొంతింట్లో అమ్మ ఒక్కతే ఉండేది. రెండేళ్ల కిందట న్యూరాలజిస్టు అల్జీమర్స్ రకం డిమెన్షియా అని తేల్చారు. తేల్చేముందు బి12, థైరాయిడ్ పరీక్షలు, మెదడు స్కానింగు చేయించారు. బి12 లోపం, థైరాయిడ్ జబ్బు, డిప్రెషన్, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం పేరుకోవడం కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు, వాటికి వైద్యం ఉంది. కనుక హోమ్ వెతకడానికి ముందు ఈ పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ పత్రిక చదివే ఇళ్లలో కూడా కొన్ని ఆ లెక్కలో ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

అమ్మను హైదరాబాదు తెచ్చుకున్నాం. మావారికి విశాఖలో ఉద్యోగం, పాప ఇంటర్ రెండో సంవత్సరం, నాకు ప్రాంతీయ కార్యాలయంలో ఇంటికి వచ్చేసరికి ఎనిమిది. అయిదు నెలల్లో ముగ్గురు ఆయాలు మారారు. రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి అమ్మ చేతిసంచీ తీసుకుని గుమ్మంలోకి వచ్చేది. "బడి వదిలే వేళైంది, పిల్లలొస్తారు, నేను ఇంటికెళ్లాలి" అనేది. ఇదే మీ ఇల్లంటే కోపం. పొద్దువాలే వేళకు కంగారు, అనుమానం, తిరుగుడు ఎక్కువవడం ఈ జబ్బులో చాలామందికి ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. మూడోసారి గేటు దాటి వెళ్లినప్పుడు రెండు కిలోమీటర్ల అవతల బస్‌స్టాపులో దొరికింది. ఆ రాత్రే అన్నయ్యకు అమెరికా ఫోన్ చేసి, ఇక నా వల్ల కావడం లేదని చెప్పాను.

హోమ్ వెతికే పని ఎంబీఏ చదువు మీద పెట్టాను. ఎక్సెల్ షీటు వేసి పన్నెండు అంశాలు రాసి, ఒక్కోదానికి ఇన్ని మార్కులని పెట్టాను. ఆసుపత్రి ఎంత దూరం, నర్సు ఉందా, లిఫ్టు, ఫిజియోథెరపీ, సీసీ కెమెరాలు, ఫీజు, మా ఇంటి నుంచి దూరం, ఇలా. మేం వాకబు చేసినచోట్ల నెలకు 35 వేల నుంచి 70 వేల దాకా చెప్పారు. డైపర్లు, మందులు, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పక్కన ఉండే మనిషి ఖర్చు అదనం. ఆరోగ్య బీమా సాధారణంగా ఆసుపత్రి ఖర్చులకే వర్తిస్తుంది, హోమ్ నెలఫీజుకు వర్తించదు. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఒక హోమ్‌కు నా షీటులో 82 మార్కులు వచ్చాయి. ఆదివారం ఉదయం, ముందుగా ఫోన్ చేసి వెళ్లాం. పాలరాయి గచ్చు, పూలకుండీలు, చేతిలో ఫైలుతో మేనేజరు. అమ్మ మందుల చీటీ అడిగారు, డిపాజిట్ చెక్కు ఎప్పుడిస్తారని అడిగారు. ఇంకేమీ అడగలేదు. నాకు అందులో లోటేమీ కనిపించలేదు.

సర్‌ప్రైజ్ క్యాష్ వెరిఫికేషన్‌కు మనం ముందు చెప్పి వెళ్తామా? ఈ మాట అన్నది మా పాప. మంగళవారం ఆఫీసు నుంచి ముందే బయల్దేరి, అయిదున్నరకు చెప్పాపెట్టకుండా వెళ్లాను. రిసెప్షన్‌లో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. అద్దం తలుపులోంచి హాలు కనిపిస్తోంది. టీవీ ముందు ఎనిమిది మంది. ఇద్దర్ని చక్రాల కుర్చీకి చున్నీతో కట్టి ఉంచారు. ఒక పెద్దావిడ తలుపు తట్టి తట్టి "నన్ను పంపించండి" అంటోంది. ఆయా ఫోన్‌లోంచి తలెత్తకుండా "రేపెళ్దురుగాని" అంది. రాత్రి భోజనాల పళ్లేలు అప్పటికే బయటికి వస్తున్నాయి. ఏడింటికి డ్యూటీ మారుతుందట, అందుకని ఆలోపు అందరూ పడుకోవాలట.

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాని పరిధిలోకి వచ్చే సంస్థల్లో మనిషిని గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. వేరేగా కదలకుండా ఆపడమైనా, తక్షణ ప్రమాదాన్ని తప్పించడానికి మరో దారి లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితోనే చేయాలి. పనివాళ్లు తక్కువని కట్టేయడం అందులోకి రాదు. మందులతో కట్టేయడం ఇంకో రకం. రాత్రి గొడవ చేస్తే ఏమిస్తారు, ఎవరు రాసిస్తే ఇస్తారు, మాకు చెప్పే ఇస్తారా అని తప్పక అడగండి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఇచ్చే యాంటీసైకోటిక్ మందులతో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. లూయీ బాడీ అనే రకం డిమెన్షియా ఉన్నవారికయితే హాలోపెరిడాల్ లాంటివి మరీ ప్రమాదం. అసలు వాడకూడదని కాదు, డాక్టరు చూసి, మోతాదు తక్కువగా, కొన్నాళ్లకే వాడాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి హఠాత్తుగా గందరగోళపడితే నిద్రమందుకన్నా ముందు మూత్రపరీక్ష చేయించే హోమ్ కావాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా ఈ వయసువాళ్లు అలా అయిపోతారు.

రెండో హోమ్‌కు నా షీటులో 61. కాలనీలో పాత మేడ, లిఫ్టు లేదు, ఆసుపత్రి ఆరు కిలోమీటర్లు. అక్కడికీ అదే వేళకు, చెప్పకుండానే వెళ్లాను. పెరట్లో ఒక ఆయా ఓ పెద్దావిడ చెయ్యి పట్టుకుని చుట్లు తిరుగుతోంది. "ఇంటికెళ్లాలి" అంటే "మీ ఊరెటమ్మా?" అంటోంది. ఆవిడ చెప్తోంది. తులసికోట దగ్గర కాసేపు ఆగి, మళ్లీ నడక. ఒక పెద్దాయన తాళంచెవుల గుత్తి పట్టుకుని గదిగది తలుపూ పరీక్షిస్తున్నాడు. ఆ గుత్తిలో దేనికీ తాళం లేదట, ఆయన కోసమే ఇచ్చారట. ఇన్‌ఛార్జి నన్ను కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలడిగారు. అమ్మ పొద్దున్నే కాఫీనా, టీనా? ఇంట్లో ఏమని పిలుస్తారు? చీర కట్టుకుంటారా, నైటీ వేసుకుంటారా? స్నానానికి ఎవరు సాయం చేస్తే ఒప్పుకుంటారు? దేనికి భయపడతారు? ఆఖరిదానికి నా దగ్గర జవాబు లేదు. అన్నయ్యకు ఫోన్ చేస్తే వెంటనే చెప్పాడు, "చీకటి బాత్‌రూమ్."

షీటు మూసేశాను. నేను పెట్టిన పన్నెండు అంశాల్లో 'వాళ్లు మనల్ని ఏమడిగారు' అన్నది లేనేలేదు. అయినా అక్కడా నాకు నచ్చనివి ఉన్నాయి. పద్నాలుగు మందికి రాత్రి ఇద్దరే. బాత్‌రూములో పట్టుకునే కడ్డీ లేకపోతే పెట్టించాకే చేర్చాను. ఒప్పందంలో ఫీజు ఏటా ఎంత పెరుగుతుంది, జబ్బు ముదిరి మంచాన పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా, వెళ్లిపోతే డిపాజిట్ ఎన్నిరోజుల్లో తిరిగిస్తారు అన్నవి రాయించుకున్నాను.

ఇక మన పనికి సంబంధించిన మాట. అమ్మ నాకు జీపీఏ రాసిచ్చింది కనుక ఖాతాల సంగతి తేలిపోయిందనుకున్నాను. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన వ్యక్తికి మతిస్థిమితం పోతే ఆ అధికారం ముగిసిపోతుంది. సరిగ్గా మనకు అవసరమైన రోజున పనికిరాకుండా పోయే కాగితం అది! వేలిముద్ర, ఇద్దరు స్వతంత్ర సాక్షులు, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అన్న వెసులుబాటు చెయ్యి సహకరించనివారికి. తను ఏం చేస్తోందో తనకే తెలియని మనిషికి అది దారి కాదు. అప్పుడిక కోర్టు ద్వారా సంరక్షకుల నియామకమే. కనుక తొలిదశలో, అమ్మానాన్నలకు ఇంకా తెలివి ఉండగానే, వాళ్ల ఇష్టం అడిగి ఖాతాలను 'ఈదర్ ఆర్ సర్వైవర్'గా మార్చుకోవడం, నామినేషన్లు, వీలునామా పూర్తిచేయించండి. మేం ఎఫ్‌డీలు జాయింటుగా మార్పించింది డాక్టరు తేల్చిన నెలలోనే. మరో ఏడాది ఆగి ఉంటే నేనే ఏ శాఖకు వెళ్లినా కుదరదని చెప్పేవారు, చెప్పాలి కూడా. కుటుంబ పెన్షన్‌కు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి హోమ్‌లోనే ఇచ్చేయొచ్చు. 80 దాటినవారికి అక్టోబరు నుంచే తీసుకుంటారు. 70 దాటినవారికి ఇంటివద్దే బ్యాంకింగ్ సేవలుండాలని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది, అడగడానికి మొహమాటపడకండి.

అమ్మను చేర్చిన రోజు చిన్నమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "కన్నతల్లిని ఎవరి చేతుల్లోనో పెట్టొచ్చావా" అంది. నేనేమీ అనలేదు. మర్నాడు బస్‌స్టాపు సంగతి చెప్పాను, అప్పుడు తను ఏమీ అనలేదు. చేర్చేముందు అమ్మకు నిజం చెప్పానా అంటే, మోకాళ్ల నొప్పికి కొన్నాళ్లు వైద్యం అని చెప్పాను. అబద్ధమే.

ఏడు నెలలైంది. వారంలో ఏ రోజు వెళ్తానో నాకే తెలియకుండా చూసుకుంటాను, వేళ మాత్రం అదే. పోయిన గురువారం వెళ్లేసరికి అమ్మ ఆయాతో పెరట్లో తిరుగుతోంది. నన్ను చూసి "వదినా, బడి వదిలేశారు, పిల్లలొచ్చేస్తారు" అంది. సంచీ నేను తీసుకున్నాను. మూడు చుట్లు నడిచాం. వచ్చేటప్పుడు రాత్రి మూడో మనిషిని ఎప్పుడు పెడతారని ఇన్‌ఛార్జిని మళ్లీ అడిగాను. వచ్చే నెల అన్నారు. రాసుకున్నాను.