నూగు ఏరే ప్రోగ్రాము

ఉతికిన చొక్కా జేబు తిరగేస్తే మూలల్లో నూగు ఉండలుగా కనిపిస్తుంది. దాంతో చొక్కాకి వచ్చే నష్టమేమీ లేదు. కానీ బట్టలారబెట్టే మెషీన్లున్న ఇళ్లలో ఆ నూగును పట్టే జల్లెడ శుభ్రం చేయకపోతే, పేరుకుపోయి ఒక్కోసారి నిప్పంటుకుంటుంది. ఇంగ్లీషులో ఆ నూగు పేరు లింట్. 1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ తాను రాసిన ఒక ప్రోగ్రాముకు ఆ పేరే పెట్టారు.

అప్పటికి సి భాష పసిది, యంత్రాలు ఇరుకువి. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కువగా నడిచిన పీడీపీ-11 కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము ఒకేసారి చూడగలిగే చోటు 64 కిలోబైట్లే. ఆ ఇరుకులో, రాసిన కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ తన పని తాను చేసుకుపోవాలి తప్ప రాసినవాడికి నీతులు చెప్పే తీరిక దానికెక్కడిది? పైగా యూనిక్స్‌ను ఇంకో రకం యంత్రానికి, ఇంటర్‌డేటా 8/32కి తరలిస్తున్న రోజులవి. ఒక యంత్రంలో చక్కగా నడిచిన కోడు రెండోదానిలో తడబడేది. అందుకని జాన్సన్ అనువాదం పనినీ, అనుమానించే పనినీ విడదీశారు. తన కంపైలర్‌లో కోడును చదివే భాగాన్నే తీసుకుని, అది చదివి అనువదించే బదులు సణిగేలా చేశారు.

సణుగుడు ఎలాంటిదంటే: ఈ పేరు పెట్టావు, ఎక్కడా వాడలేదు. ఈ వాక్యం దగ్గరికి ప్రోగ్రాము ఎన్నటికీ రాదు. ఎప్పటికీ రుణసంఖ్య కాలేని దాన్ని పట్టుకుని సున్నాకంటే తక్కువా అని అడుగుతున్నావేం? ప్రోగ్రామును నడపకుండా, చదివి మాత్రమే ఇలా తప్పు పట్టడాన్నే ఇవాళ స్టాటిక్ అనాలిసిస్ అంటున్నాం.

అయితే చదివినంత మాత్రాన అన్నీ తేలవు. ఏ ప్రోగ్రామునిచ్చినా అది ఆగుతుందో లేదో చెప్పేసే పద్ధతి ఉండదని గణితవేత్త ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. కాబట్టి లింట్ కొన్ని తప్పులు వదిలేస్తుంది, కొన్నిచోట్ల నిర్దోషిని నిలదీస్తుంది. జాన్సన్‌కి ఇది తెలుసు. అందుకే కోడులో 'నాట్‌రీచ్‌డ్', 'ఆర్గ్స్‌యూజ్డ్' అని వ్యాఖ్య రాస్తే లింట్ నోరు మూసుకునే ఏర్పాటు కూడా ఆయనే చేశారు. నోరూ, నోటికి తాళమూ ఒకే ఇంట్లో తయారయ్యాయన్నమాట.

స్క్రిప్టింగ్ భాషలు వచ్చాక లింట్ అవసరం ఇంకా పెరిగింది. సి భాషలో కనీసం కంపైలర్ అనే మొదటి జల్లెడ ఉంది. పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో ఒక పేరు తప్పు రాసినా ఆ లైను నడిచేదాకా బయటపడదు. అది ఏడాదికోసారి వచ్చే ఎర్రర్ కోసం రాసిన లైనైతే, బయటపడేది సరిగ్గా ఆ రోజే. డగ్లస్ క్రాక్‌ఫోర్డ్ 2002లో జేఎస్‌లింట్ తెచ్చారు, ఇది మీ మనసు నొప్పిస్తుందని ముందే హెచ్చరించి మరీ. 2003లో వచ్చిన పైలింట్ అయితే పంతులుగారిలా పదికి మార్కులు వేస్తుంది. ఒకప్పుడు సున్నాకి కిందకి కూడా వేసేది!

ఈమధ్య ఓ పాత పైథాన్ మాడ్యూలు నా చేతికొచ్చింది. పైలింట్ పెడితే వార్నింగులు నూరు దాటాయి. ముప్పాతిక వంతు నూగే: లైను పొడుగైంది, ఫంక్షనుకి వివరణ లేదు. వాటి మధ్యలో ఒకటి మాత్రం ప్రమాదకరమైన డిఫాల్ట్ విలువ అంది. వస్తువులు చేర్చే ఫంక్షనది; జాబితా ఇవ్వకపోతే ఖాళీ జాబితా తీసుకోమని రాసుంది. చూడ్డానికి ఏ దోషమూ లేదు. కానీ పైథాన్ ఆ ఖాళీ జాబితాను పిలిచిన ప్రతిసారీ కొత్తగా చేయదు. ఫంక్షన్ పుట్టినప్పుడు ఒక్కసారే చేసి దాచుకుంటుంది. మొదటిసారి వేసిన వస్తువులు రెండోసారి పిలిచినప్పుడూ అందులోనే ఉంటాయి. ముందు తిన్నవాడి విస్తరి తీయకుండా అందులోనే తర్వాతివాడికి వడ్డించినట్టు. డిఫాల్ట్‌గా 'నన్' పెట్టి, లోపల కొత్త జాబితా చేయించాను. మూడు లైన్ల పని.

ఆ ఊపులో, వాడని ఇంపోర్టులన్నీ వరసగా కొట్టేశాను. మాడ్యూలు కూలబడింది. అందులో ఒక ఇంపోర్టు పేరు ఎక్కడా వాడరు, నిజమే. కానీ అది లోడ్ కావడంతోనే కొన్ని ఫంక్షన్లను పట్టీలో నమోదు చేస్తోంది. పైలింట్‌కి ఆ సంగతి తెలియదు, నేను చూడలేదు. లైను తిరిగి పెట్టి, ఆ ఒక్కచోట వార్నింగు ఆపేసి, ఎందుకు ఆపానో పక్కన రాశాను.

నాది ఒక పూట పోయిన కథ. డెబియన్ లినక్స్ వాళ్లది 2006లో మొదలైంది. అక్కడ సణిగింది ప్రోగ్రామును నడిపి చూసే వాల్‌గ్రిండ్. లింట్‌కి దూరపు చుట్టం. డిజిటల్ తాళంచెవులు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, విలువ వేయని మెమరీని వాడుతున్నారని గొణిగింది. గొణుగుడు ఆగాలని రెండు లైన్లు తీసేశారు. అందులో ఒకటి పోయినా ఫరవాలేదు. రెండోది యాదృచ్ఛికతను లోపలికి తెచ్చే అసలు కాలువ. అది మూసుకుపోవడంతో మిగిలింది ప్రాసెస్ నంబరొక్కటే, అంటే ఒక్కో రకం యంత్రానికి, ఒక్కో సైజుకి 32,767 తాళంచెవులు మాత్రమే. లూసియానో బెల్లో పసిగట్టి, 2008 మే నెలలో సంగతి బయటపెట్టేదాకా దాదాపు ఇరవై నెలలు ప్రపంచమంతటా ఎన్నో సర్వర్లు వాటితోనే తలుపులు వేసుకున్నాయి. లైను తిరిగి పెడితే సరిపోలేదు. చేసిన తాళంచెవులన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. లెక్కకు అందనన్ని ఉండాల్సిన ఆ తాళంచెవులు ఎంత తక్కువంటే, బలహీనమైనవాటి జాబితా తయారుచేసి, మామూలు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలా డెబియన్ అందరికీ పంచగలిగింది.