తెర నల్లబడినా ఫైళ్లు ఎక్కడికీ పోలేదు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సాంకేతిక మద్దతు ఆపేసింది. దాంతో పాత లాప్‌టాప్‌ను విండోస్ 11కి మార్చక తప్పని పరిస్థితి రాజమండ్రి, కాకినాడ, భీమవరం విద్యార్థులకూ వచ్చింది. అలా మార్చిన వాటిలో కొన్ని మళ్లీ లేవవు. అప్పుడు ఎవరైనా "ఫార్మాట్ కొట్టేద్దామా?" అంటే వెంటనే తలూపకండి. చాలాసార్లు చెడేది డిస్కులోని మీ చదువూ ఫొటోలూ కాదు, లాప్‌టాప్ లేచే వరసలో ఒకే ఒక్క మెట్టు.

బటన్ నొక్కగానే విండోస్ రాదు. మదర్‌బోర్డు చిప్‌లో ఉండే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రాము ముందు లేస్తుంది. డిస్కులో ఓ మూలనున్న చిన్న విభాగం నుంచి బూట్ మేనేజర్‌ను పిలుస్తుంది. అది విండోస్ గుండెకాయైన కెర్నల్‌ను లేపుతుంది, కెర్నల్ పరికరాలను నడిపే డ్రైవర్లను లేపుతుంది. ధవళేశ్వరంలో వదిలిన నీరు లాకులు, పంట కాలువలు దాటి చేలోకి చేరినట్టే. శివారు చేనికి తడి అందలేదంటే గోదావరి ఎండిపోయిందని కాదు, ఎక్కడ ఆగిందో పైనుంచి చూసుకుంటూ రావాలి.

కంపెనీ లోగో కూడా రాకపోతే ర్యామ్, డిస్‌ప్లే వంటి వాటిని అనుమానించాలి. లోగో వచ్చాక బూట్ డివైస్ లేదంటే డిస్కునో, ఆ చిన్న విభాగాన్నో చూడాలి. చుక్కలు తిరిగి తిరిగి నీలి తెర పడితే ఎక్కువగా డ్రైవర్ల గొడవే.

ఇలాంటి నీలి తెరల వల్లే 2024 జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క లోపభూయిష్టమైన ఫైలు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేస్తే యంత్రాలు లేచాయి. ఫార్మాట్ అక్కర్లేకపోయింది.

ఇంట్లో చేయాల్సిందీ ఆ తరహాదే. తెరమీద అప్‌డేట్ శాతం కదులుతుంటే మాత్రం ఆపకండి. తుఫాను రోజుల్లో కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే అప్‌డేట్ పెట్టుకోవాలి. నిజంగా ఆగిపోయిందని తేలితే పెన్‌డ్రైవ్‌లన్నీ పీకేసి, లోగో వచ్చిన ప్రతిసారీ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. రెండు మూడుసార్లకు రికవరీ తెర వస్తుంది. ముందు స్టార్టప్ రిపేర్, తర్వాత అప్‌డేట్ తీసేసే ఎంపిక. మామూలుగా పది రోజుల వరకు పాత విండోస్ డిస్కులోనే ఉంటుంది, వెనక్కి వెళ్లొచ్చు.

ఈలోగా డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే వైరస్ అనుకోకండి. లేచే వరస మారిందని గమనించిన టీపీఎం అనే భద్రతా చిప్ తాళం తీయనంటోంది, అంతే. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్‌లోనే తెరిచి చూడొచ్చు. కొన్న రోజున ఆ ఖాతా ఎవరి మెయిల్‌తో తెరిచారో ఇవాళే కనుక్కోండి. కీ దొరక్కపోతే ఫైళ్లు డిస్కులో ఉన్నా చదవలేం.

ఏదీ పనిచేయకపోతే ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ లేపి, ప్రాజెక్టులు, ఫొటోలు మరో డిస్కుకు ఎక్కించాక రీసెట్ చేయండి. ఫైళ్లు ఉంచమని ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. టాలీ, ఆటోక్యాడ్ వంటివి మళ్లీ వేసుకోవాలి.