సర్వో మోటారుకు ఏ ఫ్యూజు వేయవలెను?

మన నేత కుటుంబముల పిల్లలు కొందరు మగ్గము విడిచి లేతు, మిల్లింగు కర్మశాలలలో చేరియున్నారు. చేతితో త్రిప్పు పాత మిల్లింగు యంత్రమునకు సర్వో మోటార్లు తగిలించి కంప్యూటరుచే నడపుట వారికి క్రొత్త పని. అందు ఫ్యూజు సంగతి మమ్ము అడుగుచున్నారు గనుక వ్రాయుచున్నాము.

మరమగ్గము నడుపువారికి ఇది అనుభవమే: స్విచ్చి వేయగనే మోటారు మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగి, పిదప సర్దుకొనును. సర్వో మోటారు అట్లు గాదు. బల్ల కదలిన ప్రతిసారియు లిప్తకాలము హెచ్చు కరెంటు కోరును. ఆ హెచ్చునే చూచి ఫ్యూజు వేసినచో తీగ వేడెక్కినను అది కాలదు. తక్కువది వేసినచో ఊరక కాలుచుండును. విసుగెత్తి ఫ్యూజుచోట రాగి పోగు చుట్టిన కుర్రవాని మేమెరుగుదుము. తీగల తొడుగు కరగి డ్రైవు మాడిపోయినది.

లెక్క కట్టవలెను. డ్రైవనగా మోటారుకు కరెంటు కొలిచి ఇచ్చు పెట్టె. సరఫరా నుండి అది ప్రతి 2 సెకనులలో 0.2 సెకను 18 ఆంపియర్లు, తక్కిన 1.8 సెకను 2 ఆంపియర్లు తీసికొనునందము. వేడి కరెంటు వర్గమును బట్టి పుట్టును. 18 వర్గము 324, 0.2 చే గుణింప 64.8. 2 వర్గము 4; 1.8 చే గుణింప 7.2. రెండును కలిపి 72. 2 చే భాగింప 36. వర్గమూలము 6 ఆంపియర్లు. ఫ్యూజుపై దాని అంకెలో ముప్పాతికకు మించి ఎడతెగని భారము వేయరాదు. కావున నిదానముగా కాలు రకములో 8 ఆంపియర్లది సరిపోవును. తీగ అంతకు తగ్గనిదై యుండవలెను. డ్రైవు చేసినవారి పుస్తకములో వేరొక ఫ్యూజు చెప్పియున్నచో మా లెక్క విడిచి దానినే వేయుడు.

మోటారు పలకపై అంకె చూచి ఫ్యూజు కొనరాదు. మోటారులో పారు కరెంటు వేరు, సరఫరా తీగలోనిది వేరు. మోటారు అధిక భారమున మాడకుండ కాచునది డ్రైవులో పెట్టిన కరెంటు హద్దే. ఫ్యూజు తీగలను, అగ్ని ప్రమాదమును చూచుకొనును.

ఫ్యూజుపై వోల్టులును చూడవలెను. మన ఇండ్లలోని ఏ.సి. కరెంటు సెకనుకు 100 మారులు సున్నకు వచ్చును గనుక ఫ్యూజు తెగినచోట మంట ఆరును. డి.సి. కి ఆ విరామము లేదు. ఏ.సి. 250 వోల్టులని మాత్రమే వ్రాసిన గాజు ఫ్యూజును డి.సి. సరఫరాలో నమ్మరాదు.

మోటారు ఆగునప్పుడు డైనమో వలె కరెంటును వెనుకకు నెట్టును. ఆ క్షణమున ఫ్యూజు తెగియున్నచో అది పోవు దారిలేక డ్రైవులో వోల్టులు పెరిగి చెడగొట్టును. అందులకే డ్రైవు ప్రక్కనే, ఫ్యూజుకు ఇవతల, తగిన కెపాసిటరు ఉంచుదురు.

మోటారుకొక ఫ్యూజు చొప్పున వేరువేరుగా వేయవలెను. అయితే ఒక్కటి కాలి తక్కిన రెండు మోటార్లు నడచుచున్నచో కోతపని వంకరపోవును, పనిముట్టు విరిగి మీదికి ఎగురును. ఏ డ్రైవు ఆగినను అన్నియు ఆగునట్లు తీగ కలుపవలెను. నిలువు దిశ మోటారుకు కరెంటు పోగానే తానే పట్టు బ్రేకు ఉండవలెను. లేనిచో తల జారి క్రింది చేతిపై పడవచ్చును.