మనస్సు తెల్లకాగితమా?

మానవుడు జన్మించునప్పుడే యాతని మనస్సునందు కొన్ని సత్యములు లిఖింపబడి యుండునా? లేక సమస్తజ్ఞానమును అనుభవమువలననే కలుగునా? పదునేడవ శతాబ్దమున ఐరోపా తత్త్వవేత్తలను రెండు పక్షములుగా జీల్చిన ప్రశ్న యిది. ఇది పండితుల వాగ్వాదము మాత్రమే కాదు. మానవునిపై మానవునకు గల యధికారమునకును దీనితో సంబంధము గలదని మా యభిప్రాయము.

ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు 1641లో ప్రకటించిన గ్రంథమున దేహము వేరు, మనస్సు వేరనియు, ఈశ్వరభావము మనస్సునకు సహజమే కాని యింద్రియములవలన వచ్చినది కాదనియు వాదించెను. ఆంగ్లేయుడగు జాన్ లాకు 1690వ సంవత్సరము ముఖపత్రమున గల తన గ్రంథములో సహజభావములను ఖండించెను. జన్మసిద్ధములైన సత్యములే యున్నచో శిశువులును వాని నెరుగవలెను గదా! ఎరుగకుండుట ప్రత్యక్షము. కావున మనస్సు మొదట అక్షరము లేని తెల్లకాగితము; ఇంద్రియానుభవమును, మనస్సు తన వ్యాపారములను తాను పరికించుకొనుటయు దానిపై వ్రాయును.

లాకు మరియొక సూక్ష్మమును గ్రహించెను. ఒక సూత్రము జన్మసిద్ధమని నమ్మిన జనులు దానిని విచారించుట మానుదురు. విచారము మానినవారిని తమ యిచ్ఛ వచ్చినట్లు నడపుట గురుపీఠ మెక్కినవారికి సులభము.

జర్మను పండితుడు లైబ్నిట్జు దీనికి ప్రత్యుత్తరము వ్రాసెను. మనస్సు చారలు గల చలువరాయి వంటిది. ఉలి తగులక విగ్రహము వెలువడదు. కాని యే విగ్రహమునకు దగినదో రాతిచారలే నిర్ణయించును. 1704లో లాకు మరణించుటచే లైబ్నిట్జు ఆ గ్రంథమును ప్రకటింపక దాచెను. అది 1765లో గాని వెలుగు చూడలేదు.

ఇక లాకు నడవడి యెట్టిది? 1669 నాటి కరొలైనా రాజ్యాంగ శాసనము నీగ్రో బానిసలపై యజమానులకు సంపూర్ణాధికార మొసగెను. ఆ సీమ ప్రభువుల కార్యదర్శిగా లాకు దాని రచనలో పాల్గొనెను. బానిసల వ్యాపారము చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలును గొనెను. మనస్సులన్నియు మొదట తెల్లకాగితములే యైనచో, తల్లి దాసి యైనంతమాత్రమున బిడ్డయు దాస్యమునకే పుట్టెననుట యెట్లు పొసగును? ఆతని సిద్ధాంతమే యాతనిపై సాక్ష్యము చెప్పుచున్నది.

అయినను వ్రాసినవాని దోషమునుబట్టి వ్రాతను త్రోసివేయరాదు. ఎవరి మాటనైనను విచారించియే గ్రహింపుమని బోధించినవా డాతడే. మనస్సు కాగితమైనను, చలువరాయియైనను, దానిపై యజమాని పేరు మాత్రము పుట్టుకతో వ్రాయబడి యుండదు.