తోక తెచ్చిన దూరం

తూటా అనగానే కళ్లకు కట్టేది ఇత్తడి గొట్టం. ఎగిరేది మాత్రం దాని మూతికి బిగించిన గుండు ఒక్కటే. గొట్టం కాల్చినవాడి కాళ్ల దగ్గరే రాలిపోతుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా సైన్యాల గుండ్లు దాదాపు అన్నీ మొద్దు మూతివే. 1898లో ఫ్రెంచివాళ్లు లెబెల్ రైఫిల్‌కు మొన తేలిన గుండు తయారుచేశారు. దాని వెనక భాగం కూడా పడవ చివరలా సన్నబడేది. 1905లో జర్మనీ మొన వరకే తీసుకుంది, తోకను వదిలేసింది. మరుసటి ఏడాది అమెరికాదీ అదే దారి: 9.7 గ్రాముల గుండు, సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగం, బల్లపరుపు తోక.

ఆ గుండు 4,700 గజాలు పోతుందని కాగితం మీద లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్‌గన్‌లతో దూరాన గుండ్లవాన కురిపించబోతే గుట్టు బయటపడింది. తర్వాత కొలిచి చూస్తే 3,400 గజాలే!

దొంగ తోకలో ఉన్నాడు. దూసుకుపోయే గుండు వెనక గాలి పలచబడి, ఆ పలచన దాన్ని వెనక్కి లాగుతుంది. ధ్వనిని మించిన వేగంలో మొన ముందు పుట్టే అలదే పెద్ద భారం కాబట్టి ఈ లాగుడు అంతగా తెలియదు. వేగం ధ్వనికి దిగువకు పడ్డాక పెత్తనం తోకదే. గుండు ఇంకా ధ్వనిని మించి పోయే 500 గజాల లోపే పరీక్షిస్తే ఈ తేడా ఏం తెలుస్తుంది?

1926 నాటికి అమెరికా 11 గ్రాముల పడవతోక గుండు తెచ్చింది. బయల్దేరే వేగం కాస్త తక్కువే, అయినా 5,000 గజాలు దాటింది. అదే దాని కొంప ముంచింది. కాల్పుల మైదానాల వెనక వదిలిన ఖాళీ స్థలం చాల్లేదు! 1930ల చివర్లో సైన్యం మళ్లీ బల్లపరుపు తోకకే మళ్లింది. నేల చాలక మంచి సరుకును పక్కన పెట్టడం నాకైతే వింతగానే తోస్తుంది.

ఇప్పటి కాల్పుల పోటీదారుల బేరం వేరు. 7.82 మిల్లీమీటర్ల (.308 అంగుళాల) గుండు 11 గ్రాములదైనా, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ తూటాలోని 9 గ్రాముల గుండే పక్కగాలికి తక్కువ జరుగుతుంది, భుజాన్నీ తక్కువ తంతుంది. లావుకు తగ్గ పొడవు కన్నా ఎక్కువ పొడవు దానిది. అంత పొడుగుది తడబడకుండా పోవాలంటే బొంగరంలా జోరుగా తిరగాలి. అందుకే బ్యారెల్ లోపలి గాళ్ల మెలిక 8 అంగుళాలకే ఒక చుట్టు పూర్తి చేస్తుంది.

క్రీడ్‌మోర్ అన్నది న్యూయార్క్ దగ్గరి కాల్పుల మైదానం పేరు. 1874లో అమెరికా, ఐర్లాండ్ జట్లు వెయ్యి గజాల దాకా అక్కడే తలపడ్డాయి. ఆ మైదానం ఇప్పుడు లేదు. ఆ పేరుతో అక్కడున్నది మానసిక వైద్యశాల.