మంచినీటి చేప ఉప్పునీటికి ఎందుకు తట్టుకోదు?

సముద్రానికి ఇంత దూరంలో ఉన్నాం, మా గుంటలోకి ఉప్పెక్కడినుంచి వచ్చింది? మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు చేపలు పెంచేవాళ్లు అడగదగ్గ ప్రశ్నే ఇది.

ఉప్పు మన నేలలోనే ఉంది. రాతిపొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీరు అక్కడి లవణాలను కరిగించుకుంటుంది. అందుకే ఈ మెట్ట ప్రాంతంలో చాలా బోర్ల నీళ్లు నాలుకకు ఉప్పగా తగులుతాయి. దానికి ఎండ తోడవుతుంది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువునే చూడండి. తూములోంచి పోయే నీరు తన ఉప్పును తనతోనే తీసుకుపోతుంది. ఆవిరయ్యే నీరు మాత్రం ఉప్పును ఇక్కడే వదిలేస్తుంది. తూమే లేని చేపల గుంటలో అయితే, లీటరుకు 1 గ్రాము ఉప్పున్న నీరు ముప్పాతిక వంతు ఆవిరైపోతే, మిగిలిన పాతిక వంతులో అది దాదాపు 4 గ్రాములవుతుంది.

మరి చేపకేమవుతుంది? బొచ్చె, శీలావతి లాంటి చేపల రక్తంలో లవణాల సాంద్రత ఇంచుమించు లీటరుకు 8, 9 గ్రాముల ఉప్పుతో సమానం. చుట్టూ ఉన్న మంచినీటిలో అంత ఉండదు. కాబట్టి మొప్పల గుండా నీరు ఎప్పుడూ ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది. మూత్రపిండాలు దాన్ని పల్చటి మూత్రంగా బయటికి పంపేస్తాయి. ఆ దారిన పోయిన లవణాలను మొప్పల్లోని ప్రత్యేక కణాలు నీటిలోంచి మళ్లీ పట్టి తెస్తాయి. బయటి ఉప్పు రక్తంలోని ఉప్పును మించిందంటే ఇదంతా తారుమారవుతుంది. ఒంట్లో నీరు బయటికి పోతుంది, నీళ్లలో ఉండగానే చేప ఎండిపోతుంది. సముద్రపు చేప ఉప్పును బయటికి నెట్టగలదు, బొచ్చెకు ఆ శక్తి చాలదు.

చావు దాకా పోకముందే నష్టం మొదలవుతుంది. సత్తువంతా ఉప్పు సర్దుకోవడానికే ఖర్చయి, మేత ఒంటికి పట్టదు. పెద్ద చేప కొంత ఓర్చుకుంటుంది, గుడ్డూ పిల్లా ఓర్చుకోలేవు. తిలాపియా చాలా ఉప్పును తట్టుకుంటుంది గనుక, దాన్ని చూసి గుంట బాగుందనుకోవడం పొరపాటు.

పిల్లల రవాణాలో ఉప్పు కలుపుతారు కదా అంటారా? నిజమే. కొద్దిపాటి ఉప్పు రక్తానికీ నీటికీ ఉన్న తేడాను తగ్గించి ఆ కాసేపు చేపకు శ్రమ తప్పిస్తుంది. నెలల తరబడి పెరుగుతూ పోయే ఉప్పు సంగతి వేరు.

ఎండాకాలంలో గుంటను బోరునీటితో నింపేముందు టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. 1000 చూపిస్తే లీటరుకు సుమారు 1 గ్రాము లవణాలున్నట్టు. పిల్లలను వదిలేటప్పుడు సంచిలోకి గుంట నీరు కొంచెం కొంచెంగా కలిపి, అలవాటు పడ్డాకే వదలండి.